కదలు కొండ, కదలని కృప

పాఠ్యభాగములు: కీర్తన 46, యెషయా 54:10, సామెతలు 22:3

కొండ యనగానే మనము కదలనిదానిని తలంచుకొందుము. అమెరికా దేశములోని వాషింగ్టన్ రాష్ట్రమందు రెయినియర్ పర్వతమును చూడబోయినప్పుడు మేము ఈ తలంపును సరిదిద్దుకొనవలసి వచ్చెను.

ఆ పర్వతము 14,410 అడుగుల ఎత్తు గలది. దానిని, దాని చుట్టునున్న అడవులను 1899లో నేషనల్ పార్కుగా ఏర్పరచిరి. అంతకు ఎన్నో తరముల ముందునుండి అచ్చటి ఆదివాసులు దానిని తహోమా అని పిలుచుచుండిరి. పారడైజ్ అను చోటివరకు కారు బాట యున్నది. అచ్చట నిలిచి చూడగా కాళ్లయొద్ద వేసవి పూలు, పైన వేసవిలోను కరగని మంచు కనబడెను. ఏటేటా కురిసిన మంచు గడ్డకట్టి, తన బరువుచేతనే మెల్లగా క్రిందికి జారుచుండును. అది జారుచు రాతిని పిండిగా నూరును. అందుచేతనే నిస్క్వాలీ నది నీరు బియ్యము కడిగిన నీటివలె నుండును.

ఆ మంచు క్రింద నున్నది అగ్నిపర్వతము. లోపలి వేడి ఆవిరులు రాతిని మెత్తబరచి బంకమన్నుగా మార్చును. సుమారు 5,600 సంవత్సరముల క్రిందట దాని శిఖరమే కూలి, బురద వరదయై లోయలను ముంచెను. సుమారు 500 సంవత్సరముల క్రిందట మరియొక బురద వరద, నేడు ఆర్టింగ్ పట్టణమున్న లోయను పూడ్చెను. ఇండ్లు కట్టుటకు త్రవ్వినప్పుడు నాటి చెట్ల మొద్దులు బయటపడినవి.

అయినను జనులు అచ్చట కాపురముండి పనిపాటలు చేసికొనుచున్నారు. హెచ్చరికకు సైరనులు అమర్చిరి. బడిపిల్లలు మెరకకు నడచిపోవుట అభ్యాసము చేయుదురు.

ఇందు మనము రెండు సంగతులు నేర్చుకొందము. మొదటిది, కొండలు కూలవని కీర్తనకారుడు చెప్పలేదు. కూలినను భయపడమనెను, ఏలయనగా అతని ఆశ్రయము దేవుడే. కొండలు స్థలము తప్పినను ప్రభువు కనికరము మనలను విడువదని యెషయాయు సాక్ష్యమిచ్చుచున్నాడు. మనము కొండవలె నమ్ముకొన్న భూమి, ఆరోగ్యము, కుటుంబ పెద్ద, వీటిలో ఏది కూలినను ఆ మాట నిలుచును.

రెండవది, మెలకువ అవిశ్వాసము కాదు. తుపాను హెచ్చరిక విని కూడ, “ప్రార్థన చేసితిమి, ఇల్లు విడువము” అను విశ్వాసులు కొందరు కలరు. అపాయము చూచి తప్పుకొనువాడు బుద్ధిమంతుడని సామెతలు బోధించుచున్నవి గదా! పిల్లలను, వృద్ధులను మెరకకు చేర్చి, అచ్చట ప్రార్థించుదము.

ఆలోచించుటకు:
1. మన యింట మనము కదలదని నమ్ముకొన్నది ఏది?
2. అపాయము వచ్చినయెడల మన సంఘములో నడవలేనివారిని ఎవరు తీసికొని పోవుదురు? వచ్చే ఆదివారము కూడుకొన్నప్పుడు పేర్లు నిర్ణయించుకొందము.