వాల్వు ఆంప్లిఫయరులో రొద: దాని పుట్టుక నెఱుంగు విధము



గత సంవత్సరపు వార్షికోత్సవమునాడు మన పాఠశాలలోని పాత వాల్వు ఆంప్లిఫయరు గుయ్యిమని రొద చేయుటయు, అయిదవ తరగతి బాలుడు చదివిన పద్యములు ముందు బల్లలవారికి దప్ప వినబడకపోవుటయు మీకు జ్ఞాపకముండును. మేము తొందరపడి మొదటి వాల్వు చెడినదని తలంచి, విజ్ఞాన సంఘపు సొమ్ముతో క్రొత్తదానిని తెప్పించితిమి. రొద యించుకయు తగ్గలేదు. జబ్బు నెఱుంగక మందిచ్చిన వైద్యునివలె ప్రవర్తించితిమని యొప్పుకొనక తప్పదు. ఆ పొరపాటు మీరు చేయకుండుటకై యీ పాఠమును వ్రాయుచున్నాము.

1904లో ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును నిర్మించెను. 1906లో లీ డి ఫారెస్టు దానికి గ్రిడ్డను మూడవ ధ్రువమును చేర్చెను. గ్రిడ్డుపైకి వచ్చు స్వల్ప విద్యుత్పీడనము ప్లేటువద్ద పెద్దదై వెలువడును. పాటకును రొదకును గల భేదము గ్రిడ్డునకు తెలియదు, వచ్చినదానినెల్ల పెంచును. మొదటి వాల్వు 50 రెట్లు, రెండవది 20 రెట్లు పెంచుననుకొందము. మొదటి గ్రిడ్డుపైనున్న 1 మిల్లీవోల్టు రొద రెండు వాల్వులను దాటునప్పటికి 1 వోల్టగును. రెండవ గ్రిడ్డుపైనున్న అంతే రొద 20 మిల్లీవోల్టులే యగును. కావున రొద యెచ్చట ప్రవేశించెనో తెలిసికొనుటయే మొదటి పని.

పనికి పూర్వ మొక హెచ్చరిక. ప్లేట్లకు సాధారణముగా 250 మొదలు 400 వోల్టుల వఱకు పీడనముండును. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసిన పిమ్మటను కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండి ప్రాణము దీయగలదు. దానిని రెసిస్టరుద్వారా హరింపజేసి, వోల్టుమీటరు సున్న చూపినగాని లోపల చేయి పెట్టరాదు. ఉపాధ్యాయుడు దగ్గఱ లేనిదే పెట్టె తెఱవరాదు. స్పీకరును తీసివేసి యంత్రమును నడపరాదు.

తరువాత చెవితో పరీక్షింపవలెను. మన దేశపు విద్యుత్తు సెకండునకు 50 ఆవృత్తులు గలది. హీటరు తీగలనుండిగాని, మైకు తీగపై తొడుగు తెగుటవలనగాని వచ్చు రొద సాధారణముగా 50 ఆవృత్తులది. రెండు ప్లేట్ల రెక్టిఫయరు ఏకాంతర ప్రవాహపు రెండర్ధములను వాడుకొనును గావున, దాని తరువాతి కండెన్సర్లు చెడినచో 100 ఆవృత్తుల రొద పుట్టును. మొదటిది మంద్రషడ్జమైనచో రెండవది దానికి పై స్థాయి షడ్జము. చిటపట ధ్వని వదులైన వాల్వు కాళ్లను, చెడిన రెసిస్టర్లను సూచించును. వాల్వును పెన్సిలుతో మెల్లగా తట్టగా స్పీకరు గంటవలె మ్రోగినచో, వాల్వు లోపలి భాగములు కదలుచున్నవని యర్థము.

ఇక స్థానమును వెదకుడు. వాల్యూము కంట్రోలును సున్నకు త్రిప్పుడు. రొద యాగినచో అది కంట్రోలునకు ముందు భాగములోనిది. ఆగనిచో తరువాతి భాగములోనిది. ఇంకను స్పష్టపడవలెనన్న, ప్రతి పర్యాయమును స్విచ్చి ఆపి, మైకు వైపునుండి ఒక్కొక్క వాల్వును చల్లారిన పిమ్మట తీసి, మరల స్విచ్చి వేసి వినుడు. ఏ వాల్వు తీయగా రొద యాగునో, సాధారణముగా ఆ వాల్వులోగాని, దాని గ్రిడ్డునకు వచ్చు మార్గములోగాని దోషమున్నది. చివరి వాల్వును, రెక్టిఫయరును మాత్రము తీయకుడు. హీటర్లను సీరీసుగా కలిపిన యంత్రములలో ఈ పద్ధతి చెల్లదు. ఒకటి తీసిన అన్నియు ఆరిపోవును.

మేమును ఇట్లే మరల పరీక్షించితిమి. కంట్రోలు సున్నయందున్నను, ముందు వాల్వులన్నియు తీసినను రొద యాగలేదు. స్వరమా, పై స్థాయిది. ఏండ్లు గడచుటచే ఎలక్ట్రోలిటికు కండెన్సరు లోపల ఎండిపోయియుండెను. తగిన క్రొత్తదానిని ధన ఋణ గుర్తులు చూచి బిగింపగా రొద యణగెను.

50 ఆవృత్తుల రొదకు మందు వేఱు. హీటరు తీగలు రెండింటిని మెలిపెట్టి గ్రిడ్డు తీగలకు దూరముగా నడపవలెను. మైకు తొడుగును యంత్రములో ఒక్కచోటనే భూతీగకు కలుపవలెను. మెయిన్సు భూతీగను మాత్ర మెన్నడును తీయరాదు. రొదతోపాటు ప్రాణరక్షణయు పోవును.

అన్నియు సరియైనను సన్నని బుస మిగులును. 1918లో షాట్కీ ఎలక్ట్రానుల విడివిడి ప్రవాహమువలనను, 1928లో జాన్సను రెసిస్టర్లలోని ఉష్ణచలనమువలనను రొద పుట్టునని చూపిరి. అది ప్రకృతిధర్మము, మరమ్మతునకు లొంగదు.

ఈ యేడు అదే బాలుడు చదివిన పద్యములు ప్రహరి దగ్గఱ నిలిచినవారికిగూడ స్పష్టముగా వినబడినవి. మేము వృథాగా కొనిన వాల్వు ప్రయోగశాల బీరువాలో నున్నది, వచ్చి చూడుడు.

అభ్యాసము: కంట్రోలు సున్నయందు రొద యాగి, స్వరము మంద్రముగా నున్నచో మీరు మొదట దేనిని పరీక్షింతురు? ఏల?