దేవుడు లేడంటే సరిపోతుందా? వాదన ఎందుకు, బతుకు దేనికోసం



ధమ్మ బంధువులారా,

త్రిశరణ పంచశీలాలు తీసుకుని, 22 ప్రతిజ్ఞలు చేసినాక మనలో ప్రతి ఒక్కరికీ రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది: "దేవుడు లేడని మీరే అంటారు. లేనివాడి గురించి మీకెందుకంత వాదన? ఎవరి నమ్మకం వాళ్లది, వదిలేయొచ్చు కదా?" రెండోది: "సరే, లేడే అనుకుందాం. మరి కష్టమొస్తే ఎవరికి మొక్కుతారు? ఏం చూసుకుని బతుకుతారు?"

ఈ ప్రశ్నలు అడిగేవాళ్లు మనకు శత్రువులు కారు. చాలాసార్లు మన అమ్మ, అత్తమ్మ, మేనమామ, చిన్నప్పటి నుంచి చర్చికి పోయే పెద్దమ్మ. కాబట్టి జవాబు నేర్చుకోవాలి, చెప్పే తీరూ నేర్చుకోవాలి. ఈ పాఠం అందుకోసం.

1. నమ్మకం ఊరికే కూర్చోదు

నమ్మకం మనిషి మనసులోనే ఉండిపోతే ఎవరికీ పేచీ లేదు. కానీ అది బయటికొచ్చి పని చేస్తుంది. ఎవరు గుడి లోపలికి పోవాలో, ఎవరు వాకిట్లోనే ఆగిపోవాలో, ఎవరు ఏ బావి నీళ్లు ముట్టుకోకూడదో అదే నిర్ణయిస్తుంది.

తెలంగాణలో నిజామాబాద్ వైపు ఉన్న జోగిని ఆచారం సంగతి మీకు తెలుసు. ఎక్కువగా దళిత కుటుంబాల ఆడపిల్లల్ని చిన్నతనంలోనే దేవత పేరు మీద వదిలేవాళ్లు. పేరు దేవతది, అనుభవించింది ఊళ్లో బలమున్న మగాళ్లు. ఆ పిల్లకు మళ్లీ పెళ్లి లేదు. ఆమెకు పుట్టిన బిడ్డకు తండ్రి పేరు లేదు. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ చట్టం ఒక్కటే ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులతో మాట్లాడదు. మనుషులు పోయి, ఆ తల్లి ఎదురుగా కూర్చుని, "అమ్మా, నీ బిడ్డని అడిగింది దేవత కాదు" అని చెప్పాల్సిందే. అది మతం మీద వాదనే. "ఎవరి నమ్మకం వాళ్లది" అని అందరూ ఊరుకుంటే ఆ పిల్లల గతేమిటి?

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. లేని దేవుడితో మనకు తగవు లేదు. ఆ పేరు చెప్పి ఉన్న మనిషిని తొక్కుతుంటే మాత్రం నోరు తెరవాలి.

2. బుద్ధుడు దేని గురించి వాదించాడు

బుద్ధుడి కాలంలో మూడు రకాల సిద్ధాంతాలు నడిచేవి. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసుకున్న కర్మ వల్లే అనేది ఒకటి. అన్నీ ఈశ్వరుడు సృష్టించినవే అనేది రెండోది. దేనికీ కారణమంటూ లేదు, ఏదో అలా జరిగిపోతుంది అనేది మూడోది. ఈ మూడింటినీ బుద్ధుడు ఎలా ఎదుర్కొన్నాడో అంగుత్తర నికాయంలోని తిత్థాయతన సుత్తం చెప్తుంది.

ఆయన పద్ధతి చూడండి. ఆ సిద్ధాంతం చెప్పేవాళ్ల దగ్గరికి తానే వెళ్లేవాడు. మీరు నిజంగా ఇలాగే చెప్తారా అని ముందు అడిగి ఖాయం చేసుకునేవాడు. వాళ్లు ఔనన్నాక తర్వాతి ప్రశ్న వేసేవాడు: అలాగైతే ఒకడు హత్య చేసినా, దొంగతనం చేసినా, అబద్ధమాడినా అది కూడా పూర్వకర్మ వల్లేనా? ఈశ్వరుడు చేయించిందేనా? అలా అనుకునేవాడికి ఇది చేయాలి, ఇది చేయకూడదు అన్న పట్టుదల ఎక్కడి నుంచి వస్తుంది? ప్రయత్నం ఎందుకు చేస్తాడు?

జాగ్రత్తగా గమనించండి. ఈ చర్చలో బుద్ధుడు ఆకాశం వైపు చూడలేదు. ఈ నమ్మకం పట్టుకున్న మనిషి రేపు పొద్దున లేచి ఏం చేస్తాడు అన్నదే ఆయనకు కావాల్సింది. మనిషి చేతిలోంచి ప్రయత్నాన్ని లాగేసే ఏ సిద్ధాంతాన్నైనా ఆయన వదల్లేదు.

ఇది మనకు పాత కథ కాదు. "పోయిన జన్మలో పాపం చేశారు, అందుకే ఈ వాడలో పుట్టారు" అన్నది మొదటి సిద్ధాంతం. "దేవుడు రాసిన రాత, ఎవరు తుడుస్తారు" అన్నది రెండోది. మన తాతముత్తాతల చేత తరతరాలు వెట్టి చేయించింది ఈ రెండు మాటలే. కర్ర పట్టుకుని కాపలా కాయాల్సిన పని లేకుండా, మనిషి తనకు తానే తలొంచుకునేట్టు చేశాయి. పూర్వజన్మ కర్మ అనే మాటతో పేదల దుస్థితికి సమాజమూ రాజ్యమూ బాధ్యత తప్పించుకుంటాయని బాబాసాహెబ్ అంబేడ్కర్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో వివరించారు. 1935లో యేవలాలో మతం మార్పు ప్రకటన చేసిన నాటి నుంచి 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకునే దాకా, 21 ఏళ్లు ఆయన ఈ ప్రశ్ననే అన్ని వైపుల నుంచీ పరీక్షించారు.

3. మన నేల మీద ఒక ఉదాహరణ

గోరాగా పేరుపడిన గోపరాజు రామచంద్రరావు గారు (1902–1975) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. వృక్షశాస్త్రం చెప్పే కాలేజీ అధ్యాపకుడు. నాస్తిక భావాల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. అన్ని కులాలవాళ్లనూ ఒకే వరసలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు నడిపించారు.

ఆయన గాంధీతో కలిసి పనిచేసినవారు. గాంధీతో బాబాసాహెబ్‌కి ఉన్న విభేదం మనకు తెలిసిందే, దాన్ని దాచాల్సిన పని లేదు. అయినా ఆ గాంధీ దగ్గరికే సేవాగ్రామ్‌ వెళ్లి, దేవుడి మీద నమ్మకం వల్ల అంటరానితనం ఎలా నిలబడుతోందో గోరా గారు ముఖాముఖి మాట్లాడారు. తన కూతురు మనోరమను అర్జునరావు అనే దళిత యువకుడికిచ్చి పెళ్లి చేయాలని నిశ్చయించారు. ఆ పెళ్లి ఆశ్రమంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఈలోగా 1948 జనవరిలో ఆయన హత్య జరిగింది. ఆ ఏడాదే పెళ్లి సేవాగ్రామ్‌లో జరిగింది. 1960లో గోరా గారి కొడుకు లవణం, మహాకవి గుర్రం జాషువా కూతురు హేమలతను పెళ్లి చేసుకున్నారు. ఆ హేమలత గారే తర్వాత స్టువర్టుపురంలో నేరస్థులన్న ముద్ర పడిన కుటుంబాల మధ్య, నిజామాబాద్ ప్రాంతంలో జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు.

గోరా గారి నాస్తికత్వం ఎంత గట్టిదో ఆయన ఇంటి పెళ్లిపందిరి చూస్తే తెలుస్తుంది. సభలో దేవుడు లేడని గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, ఇంటికెళ్లి సొంత కులంలోనే సంబంధం వెతికే నాస్తికులు మనకు తెలియనివాళ్లా? మనల్ని మనం కూడా అడుగుదాం. బౌద్ధులమయ్యాక మాల ఇంటి పిల్లను మాదిగ ఇంటికి, మాదిగ ఇంటి పిల్లను మాల ఇంటికి ఎంతమందిమి ఇచ్చాం?

4. లేడు అన్నాక ఏమిటి?

మూడో సిద్ధాంతాన్ని మర్చిపోవద్దు. దేనికీ కారణం లేదనేవాళ్లకు ఈశ్వరుడితో పని లేదు. అయినా బుద్ధుడు వాళ్లనూ ప్రశ్నించాడు. ఆ కాలంలోనే అజిత కేశకంబలి అనే ఆచార్యుడు ఉండేవాడు. దానానికి ఫలం లేదు, మంచిపనికీ చెడ్డపనికీ ఫలితం లేదు, చస్తే అంతటితో సరి అనేవాడు. బుద్ధుడు ఆ దారి కూడా పట్టలేదు. సృష్టికర్త లేడు నిజమే, కానీ నువ్వు చేసే పనికి ఫలితం ఉంది. అది నీ మీదా పడుతుంది, పక్కవాడి మీదా పడుతుంది.

బాబాసాహెబ్ మాట ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. మిగతా మతాల్లో దేవుడున్న స్థానంలో ధమ్మంలో నీతి ఉంటుందని ఆయన చెప్పారు. 22 ప్రతిజ్ఞల వరస చూడండి. మొదటి ఐదూ దేవుళ్లనూ అవతారాలనూ తీసేస్తాయి. బుద్ధుణ్ణి విష్ణువు అవతారమనడాన్నీ తీసేస్తాయి. ప్రతిజ్ఞలు అక్కడితో ఆగి ఉంటే మనకు మిగిలేది ఖాళీ పీఠం. ఆగలేదు. తర్వాత సమానత్వం వచ్చింది, అష్టాంగ మార్గం వచ్చింది, పారమితలు వచ్చాయి, సకల జీవుల మీద కరుణ వచ్చింది. కొందరు మొదటి ఐదు ప్రతిజ్ఞలు గట్టిగా చెప్తారు, తర్వాతివి చదవను కూడా చదవరు. ఇల్లు ఊడ్చి, పొయ్యి వెలిగించకుండా కూర్చున్నట్టు ఉంటుంది అది.

5. మరి కష్టమొస్తే?

రెండో ప్రశ్నకు వద్దాం. కష్టంలో మనిషికి ఆసరా కావాలి. అది బలహీనత అని ఎగతాళి చేయకండి.

కిసాగోతమి కథ మీకు తెలిసిందే. చనిపోయిన బిడ్డను చంకనేసుకుని మందు కోసం ఊరంతా తిరిగిన తల్లి. బుద్ధుడు ఆమెతో దేవుడి దగ్గరికి పోయాడమ్మా అనలేదు, నీ కర్మ అనలేదు. చావు ఎరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. ఆమె ఒక్కో గడపా ఎక్కింది. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు పోయినవాళ్లే. ఆవాలు దొరకలేదు గానీ, తన దుఃఖం తన ఒక్కదానిదే కాదని అర్థమైంది. ఆమెకు ఊరట దొరికింది మనుషుల గడపల్లోనే.

వినయ పిటకంలో ఇంకో సంఘటన ఉంది. ఒక భిక్షువు విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్నాడు. అతను ఎవరికీ ఏమీ చేసిపెట్టలేదు కనుక అతని దగ్గరికి ఎవరూ పోలేదు. బుద్ధుడు ఆనందుడితో నీళ్లు తెప్పించి, ఇద్దరూ కలిసి అతన్ని కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత భిక్షువులను పిలిచి, మీకిక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని అడిగాడు. తనకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలన్నాడు.

దేవుడు లేకుండా బతుక్కి అర్థం ఎక్కడుందని అడిగేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. పైనుంచి చూసేవాడు లేడని తెలిసినప్పుడు పక్కనున్నవాడి బాధ్యత మన మీద మరింత పడుతుంది. అయితే మీ వాడలో ఎవరింట్లోనైనా చావు జరిగితే, మీ సంఘం వాళ్లు ఆ ఇంటికి పోతున్నారా? ఆస్పత్రిలో రాత్రిపూట తోడు ఉంటున్నారా? పాస్టరు గారు వచ్చి పక్కన కూర్చుంటున్నారు, మనం రావట్లేదు అంటే, ఆ ఇంటివాళ్లు ఎటు పోతారో చెప్పక్కర్లేదు. అక్కడ మన వాదన ఎంత సరైనదైనా ఓడిపోతుంది.

6. ఎలా మాట్లాడాలి

దీఘ నికాయంలోని తేవిజ్జ సుత్తం చదవండి. వాసెట్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణ యువకులు బ్రహ్మను చేరే దారి ఏదని వాదులాడుకుని బుద్ధుడి దగ్గరికొస్తారు. మీ గురువుల్లో ఎవరైనా బ్రహ్మను కళ్లారా చూశారా, వాళ్ల గురువులు చూశారా, ఏడు తరాల వెనక్కి పోతే ఎవరైనా చూశారా అని ఆయన అడుగుతాడు. లేదంటారు. నిండుగా పారే ఏటి ఒడ్డున నిలబడి అవతలి గట్టును ఇటు రమ్మని పిలిస్తే వస్తుందా అని అడుగుతాడు. చివరికి వాళ్లకు మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షల దారి చూపిస్తాడు. వచ్చినవాళ్లు అవమానపడి పోలేదు, శరణు తీసుకున్నారు.

దీన్నుంచి మనం పట్టుకోవాల్సినవి:

- ప్రశ్న అడగండి, తిట్టకండి. ప్రార్థన చేసుకుంటున్న పెద్దమ్మ చేతిలోంచి పుస్తకం లాక్కోవడం ధమ్మం కాదు. మనిషికి హాని చేసే ఆచారాన్ని మాత్రం మొహమాటం లేకుండా ప్రశ్నించండి.
- ఎవరైనా బుద్ధుణ్ణి, ధమ్మాన్ని, సంఘాన్ని నిందిస్తే కోపం తెచ్చుకోవద్దని బ్రహ్మజాల సుత్తం చెప్తుంది. కోపమొస్తే వాళ్లు చెప్పింది తప్పో ఒప్పో తేల్చుకోలేం.
- లోకం శాశ్వతమా కాదా అని పట్టుబట్టిన మాలుంక్యపుత్తుడికి బుద్ధుడు బాణం దెబ్బ తిన్నవాడి ఉపమానం చెప్పాడు. ముందు బాణం తీయాలి. తేలని చర్చలతో రాత్రంతా జాగారం చేయకండి.
- బుద్ధుణ్ణి, బాబాసాహెబ్‌ను దేవుళ్లను చేయకండి. విగ్రహం ముందు కొబ్బరికాయ కొట్టి, పరీక్ష పాస్ చేయించమని మొక్కుకుంటే పాత గుడికే కొత్త బోర్డు పెట్టినట్టు. పువ్వు పెట్టండి, ఆయన చేసిన పని గుర్తు చేసుకోండి, పిల్లల్ని కూర్చోబెట్టి చదివించండి.

విహారంలో చర్చించుకోండి

1. తిత్థాయతన సుత్తంలోని మూడు సిద్ధాంతాలు మీ ఊళ్లో ఏయే మాటల్లో వినిపిస్తున్నాయి?
2. మనం మాట్లాడకుండా ఊరుకోవడం వల్ల ఎవరికైనా హాని జరుగుతున్న ఆచారం మీ చుట్టుపక్కల ఉందా?
3. క్రైస్తవులుగా, హిందువులుగా ఉన్న బంధువులతో చుట్టరికం చెడకుండా ధమ్మం ఎలా చెప్పగలం?
4. మీ వాడలో జబ్బుపడినవాళ్లను చూసుకోడానికి ఈ నెల ఎవరెవరు వంతులు వేసుకుంటారు?

నాలుగో ప్రశ్నకు పేర్లు రాసుకున్నాకే సమావేశం ముగించండి.

భవతు సబ్బ మంగళం! జై భీమ్!