నవ్వించే పిశాచి, భయపెట్టే నీడ

రక్తపిశాచి సినిమా చూస్తూ తరగతి అంతా పగలబడి నవ్వితే ఆ సినిమా ఓడిపోయినట్టేనా? భయపెట్టడానికి తీసిన బొమ్మ కదా, నవ్వు వస్తే దండగే అంటారు చాలామంది. మేము అలా అనుకోవడం లేదు. తక్కువ ఖర్చుతో తీసిన పిశాచాల సినిమాల్లో ఆ నవ్వును కూడా పాఠంలా చదవవచ్చు.

ముందు రెండు మాటలు నేర్చుకుందాం. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలు చెప్పాడు. వాటిలో భయానకానికి మూలం భయం. బీభత్సానికి మూలం జుగుప్స, అంటే ఏవగింపు. తలుపు సందులోంచి ఒక చెయ్యి మెల్లగా లోపలికి రావడం భయానకం. ఆ చేతి మీద పురుగులు పాకడం బీభత్సం. మరి హాస్యం దేనివల్ల పుడుతుంది? వికృతమైన వేషం, వికృతమైన మాట, చేష్టల వల్ల అంటాడు భరతుడు. ఇక్కడ కాస్త ఆగండి. పిశాచి వేషం కూడా వికృత వేషమే కదా! నిక్కబొడుచుకున్న చెవులు, పొడవాటి గోళ్లు, ముందుకు వచ్చిన పళ్లు. అదే వేషం ఒక అంగుళం ఇటు జరిగితే భయం, అటు జరిగితే నవ్వు. డబ్బున్న నిర్మాత ఆ అంగుళాన్ని డబ్బు పోసి కాపాడుకుంటాడు. లేనివాడు మన ఊహను నమ్ముకుంటాడు.

దీనికి మంచి ఉదాహరణ 1922లో జర్మనీలో వచ్చిన 'నోస్ఫెరాటు'. దర్శకుడు ముర్నావ్. మూకీ చిత్రం కాబట్టి ఏ రాష్ట్రంలోని తరగతిలో చూపించినా భాష అడ్డం రాదు. మాలాంటి బదిలీల మాస్టర్లకు అదొక సుఖం. దాన్ని తీసిన సంస్థ పేరు ప్రాణా ఫిల్మ్. ఆ ప్రాణ మన సంస్కృత ప్రాణమే. కథ మాత్రం బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాక్యులా' నవలది. హక్కులు కొనకుండా, డ్రాక్యులాను ఓర్లోక్ ప్రభువుగా పేరు మార్చి తీసేశారు. స్టోకర్ భార్య కోర్టుకు వెళ్లింది. 1925లో ప్రతులన్నీ నాశనం చేయమని తీర్పు వచ్చింది. అప్పటికే సంస్థ దివాలా తీసింది. ప్రాణం పేరు పెట్టుకున్నది ఒక్క సినిమాతోనే ప్రాణం విడిచింది! నాశనం కాకుండా తప్పించుకున్న కొన్ని ప్రతుల వల్లే ఈనాడు మనం ఆ సినిమా చూడగలుగుతున్నాం.

రాత్రి దృశ్యాలను వాళ్లు పట్టపగలు తీసి, ఫిల్ముకు నీలిరంగు అద్దారు. ఆ రంగు లేని ప్రతి చూస్తే, ఎండను భరించలేని పిశాచి ఎండలోనే శవపేటిక చంకన పెట్టుకుని వీధుల్లో నడిచిపోతుంటాడు. గుర్రపుబండి వింతగా కనిపించాలని దాని పరుగు వేగం పెంచారు. అడవి భయంకరంగా ఉండాలని నెగెటివ్ ఫిల్మునే చూపించారు. చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగా.

మేము పనిచేసిన విద్యాలయాల్లో రెండు మూడు చోట్ల ఎనిమిదో తరగతికి ఇందులోని భాగాలు చూపించాం. గుర్రపుబండి రాగానే ప్రతిచోటా నవ్వే. నవ్వనివ్వాలి. చివర్లో ఓర్లోక్ మెట్లెక్కే దృశ్యం వచ్చేసరికి ఆ తరగతులే నిశ్శబ్దమయ్యాయి. అక్కడ కనబడేది మనిషి కాదు, గోడ మీద నీడ. వంగిన వీపు, చాచిన వేళ్లు, అంతే. ఒక దీపం, ఒక గోడ ఉంటే చాలు, ఖర్చు లేదు. మిగతాదంతా చూసేవాడు తన భయంతో నింపుకున్నాడు. బండి దగ్గర అన్నీ చూపించేశారు, మనం చేయడానికి పని లేకపోయింది, అందుకే నవ్వాం.

ప్రేక్షకుణ్ణి గమనించి సినిమాలు తీసినవాళ్లు మన దేశంలోనూ ఉన్నారు. ముంబైలోని రామ్సే కుటుంబం 1970లో ఒక సినిమా తీస్తే అది ఆడలేదు. కానీ పృథ్వీరాజ్ కపూర్ వికృతమైన ముఖకవచం తొడుక్కుని దొంగతనానికి వచ్చే ఒక్క దృశ్యం కోసం జనం హాలుకు వస్తున్నారని ఆ అన్నదమ్ములు కనిపెట్టారు. అలాంటి దృశ్యాలతోనే సినిమా ఎందుకు తీయకూడదు అనుకున్నారు. 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' వచ్చింది. కెమెరా ఒక సోదరుడు, శబ్దం ఇంకొకరు, దర్శకత్వం ఇద్దరు, ఇలా ఇంటి పనిలా పంచుకున్నారు. 1990లో రక్తపిశాచితో 'బంద్ దర్వాజా' తీశారు. (ఇవి పెద్దలకు ఉద్దేశించినవి. ఇంట్లో పట్టుబట్టి మా పేరు చెప్పకండి.)

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1870లో రిచర్డ్ బర్టన్ మన భేతాళ కథలను ఇంగ్లీషులో చెబుతూ భేతాళుణ్ణి వాంపైర్ అనేశాడు. మన భేతాళుడు రాజు రక్తం తాగడు, చిక్కుప్రశ్న వేస్తాడు. పైగా చెట్టు వదలడు. మౌనం చెడగానే మళ్లీ చెట్టెక్కేస్తాడు. డ్రాక్యులా, ఓర్లోక్ అలా కాదు, ఊరు మారతారు. తమ నేల మట్టి నింపిన పెట్టెలతో ఓడెక్కి పరాయి ఊళ్లో దిగుతారు. ఆ మట్టి లేనిదే వాళ్లకు నిద్ర పట్టదు. ఒక్క మాటలో చెప్పాలంటే బదిలీ మీద వచ్చినవాళ్లు.

మీరు నవ్వుతున్నారని తెలుసు. లారీలోంచి దిగిన పెట్టెల మధ్య కూర్చుని అన్నం తిన్న పిల్లలు మీరు. కొత్త తరగతిలో మీ యాస, మీ టిఫిన్ డబ్బాలోని గోంగూర వింతయిపోయిన రోజులు మీకు తెలుసు. అందుకే ఈ సినిమాను మీరు మరొక వైపు నుంచి చూడగలరు.

ఓర్లోక్ ఓడలోంచి ఎలుకలు దిగుతాయి, ఊళ్లో మహమ్మారి పుడుతుంది. నీడలో ఏముందో చెప్పకుండా వదిలేస్తే మనం మన భయంతో నింపుకున్నాం కదా. ఊరి జనం కూడా అదే చేస్తారు. కొత్తవాడు, వింత ముఖం, వెంట రోగం. ఓర్లోక్ వంకర ముక్కు, ఆ రూపం ఆనాటి యూరప్‌లో యూదులను ఎగతాళి చేస్తూ వేసిన బొమ్మలను పోలి ఉన్నాయని కొందరు విమర్శకులు రాశారు. తీసినవాళ్ల ఉద్దేశం అది కాదని వాదించేవాళ్లూ ఉన్నారు. ఉద్దేశం ఏదైనా, 1933 తర్వాత ఆ దేశంలోనే యూదులను పరాయివాళ్లని ముద్రవేసి ఏం చేశారో చరిత్ర పుస్తకాల్లో ఉంది.

విచిత్రమేమిటంటే సినిమాలోనే దీనికి ఒక సాక్ష్యం ఉంది. జనానికి ఓర్లోక్ దొరకడు. అతని నౌకరు నాక్ అనే మతి తప్పిన ముసలివాణ్ణి పట్టుకుంటారు. రాళ్లు రువ్వుతూ వీధుల్లో తరుముతారు. పొలాల్లోకి వచ్చేసరికి దూరాన ఒక ఆకారం కనిపిస్తుంది. అతడే అనుకుని అందరూ మీద పడతారు. తీరా చూస్తే అది దిష్టిబొమ్మ. మాకు ఈ సినిమాలో నీడ కంటే ఎక్కువ భయం కలిగించేది ఈ చిన్న దృశ్యమే. ఎవరూ దీని గురించి పెద్దగా మాట్లాడరు.

పిశాచి ఎప్పుడూ బయటినుంచే రావాలని నియమమేమీ లేదు. 1967లో లాహోర్‌లో ఖ్వాజా సర్ఫరాజ్ తీసిన 'జిందా లాష్' డ్రాక్యులా కథే. అందులో పిశాచి మాత్రం ఆ నేల మీదివాడే, ఒక ప్రొఫెసరు. చావును జయించాలని తన ప్రయోగశాలలో మందు తయారు చేసుకుని తానే తాగుతాడు. మట్టి పెట్టెలు లేవు, ఓడ లేదు.

అభ్యాసం: దిష్టిబొమ్మ మీద పడిన గుంపులో మీరూ ఉన్నారనుకోండి. గడ్డి చేతికి తగిలిన క్షణాన్ని ఐదు వాక్యాల్లో రాయండి. నీడ, పరుగు, గడ్డి అనే మాటలు రావాలి. పిశాచి అనే మాట మాత్రం వాడకూడదు.