మాచర్ల అడవి నేర్పిన ఆరు పాఠాలు

డ్రాయింగు మాస్టారుగా పనిచేసిన కాలమంతా, సెలవు దొరికితే చాలు, మాచర్ల దాటి ఎత్తిపోతల వైపు వెళ్లి చెట్టు కింద కూర్చుని బొమ్మలు వేసేవాణ్ణి. అక్కడ నేర్చుకున్నది చిన్నవాళ్లకు చెబుతున్నాను.

1. పచ్చరంగు అలవాటు మానండి. మనది ఆకురాల్చే అడవి. మాఘం దాటితే చండ్ర, మద్ది చెట్ల మీద బూడిద, గోధుమ, ఇటుక రంగులే ఎక్కువ. నా తొలి బొమ్మలో కొండంతా పచ్చగా పూశాను. మేకలు తోలుకొచ్చిన పెద్దాయన చూసి, "ఇది ఏ ఊరి అడవి అయ్యా?" అన్నాడు. అప్పుడే తలెత్తి అడవిని నిజంగా చూశాను.

2. కుంచె పట్టేముందు అరగంట చూడండి. కళ్లు సగం మూస్తే ఆకులు, రెమ్మలు పోయి వెలుగు ముద్దలు, నీడ ముద్దలు మిగులుతాయి. ముందు వాటినే వెయ్యండి.

3. ఒక బొమ్మకు రెండు గంటలు చాలు. ఆపైన నీడలు జరిగిపోతాయి. నీడల హద్దు మొదటే గీసుకోండి. మిగిలిన పనికి మర్నాడు అదే వేళకు రండి.

4. దూరాన్ని రంగుతో చూపండి. వెలుగులోని నీలాన్ని గాలి చెదరగొడుతుంది కాబట్టి దూరపు నల్లమల నీలంగా కనిపిస్తుంది. కాళ్ల దగ్గరి నాపరాతికి ముదురు రంగు, గట్టి అంచు. ఆ కొండకు పలచని నీలం, మెత్తని అంచు.

5. కాగితం మీద ఎండ పడనివ్వకండి. తెల్లకాగితం కళ్లు చెదరగొట్టి రంగు ముదురుగా వేయిస్తుంది. ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా నల్లబడి ఉంటుంది. మన వేసవిలో నీటిరంగు తడి నిలవదు కూడా. తెల్లవారగానే మొదలుపెట్టండి. రంగు కడిగిన నీళ్లు మాత్రం వాగులో పొయ్యొద్దు. పశువులు తాగే నీళ్లవి.

6. బొమ్మ వెనక తేదీ, వేళ, గాలివాటం రాయండి. 1821, 1822లలో ఇంగ్లండు చిత్రకారుడు కానిస్టేబుల్ మబ్బుల బొమ్మల వెనక ఇలాగే రాసుకున్నాడు. వయసు చాలదని మాత్రం వెనకాడకండి. మన చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆయన బొమ్మలు రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయి, వెళ్లి చూడండి. చూసే కన్నుకు వయసుతో పనిలేదని తెలుస్తుంది.

ఇది పులులున్న అడవి. అనుమతి లేకుండా, ఒంటరిగా లోపలికి వెళ్లకండి. అంచున కూర్చున్నా చాలినంత అడవి కనిపిస్తుంది. మోదుగ పూత ఎక్కువ రోజులు నిలవదు. ఈ ఫాల్గుణంలో ఒక్క ఉదయం ఫోను ఇంట్లో పెట్టి, కాగితం పట్టుకుని వెళ్లండి.