కాన్పుకు ముహూర్తం వద్దు

చి. ల. సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

కాన్పుకు మంచి ఘడియ చూడమని మీ అత్తగారు పంతులుగారికి చెప్పారట. మీ అమ్మ ఫోనులో అంది. నీకిష్టమేనా అని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మమ్మకు పురుడంటే గాలాడని మూలగది, మంత్రసాని. బిడ్డ అడ్డం తిరిగితే బండి కట్టి కరీంనగర్ చేరేదాకా ప్రాణం నిలిస్తే నిలిచినట్టు. ఎంతమందిని కనాలన్నది ఆమె చేతిలో లేదు. మా అమ్మ సర్కారు దవాఖానలో మమ్మల్ని కన్నది. ఇక పిల్లలు చాలని ఇంట్లో మగవాళ్లు తేల్చాక ఆపరేషన్ మాత్రం ఆమే చేయించుకుంది.

మీ కాలానికి దవాఖాన కాన్పు దాదాపు అందరికీ అందింది. అది చిన్న సంగతి కాదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు. తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో 81 దాటాయి. దేశం మొత్తం మీద 21. ఇంతమందికీ కోత తప్పనిసరైందంటే నేను నమ్మను. మాయ కిందికి ఉన్నా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా కోతే తల్లీబిడ్డల్ని కాపాడుతుంది. అప్పుడు క్షణం కూడా వెనకాడకు. పంచాంగం కోసం మాత్రం కోయించుకోకు. 39 వారాలు నిండకుండా ఊరికే బయటికి తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది రావచ్చు. గర్భసంచి మీద పడిన గాటుతో తర్వాతి కాన్పుకూ చిక్కే.

ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరమ్మను అడుగు. ఏ ఇబ్బందీ లేకపోతే నొప్పులు వచ్చేదాకా ఆగుతారా? మీ దగ్గర మామూలు కాన్పులు నూటికి ఎన్ని? లోపలికి తోడుగా ఒకరిని రానిస్తారా? నొప్పి తెలియకుండా సూది ఇస్తారా? ఆ సూది అడగడానికి మొహమాటపడకు. ఓర్చుకుంటేనే తల్లి అన్న మాట నాకెప్పుడూ నచ్చలేదు.

తొలి కాన్పుకు పుట్టింటికి రావడం పెద్దలు పెట్టిన మంచి ఏర్పాటు, దాన్ని వదులుకోకు. వేణ్ణీళ్లు, నూనె మర్దన, ఎవరో వండిపెడితే తినడం, ఇవన్నీ బాలింతకు కావాలి. కానీ దాహమేస్తే నీళ్లు తాగనివ్వని పథ్యం వద్దు. పసిగుడ్డు ఉన్న గదిలో సాంబ్రాణి పొగ వద్దు. ముర్రుపాలు పిండి పారబోయమంటే వినకు, పుట్టిన గంటలోపే పట్టించు. తేనె నాకించనివ్వకు.

మీ ఆఫీసులో 26 వారాల జీతంతో కూడిన సెలవు 2017 నుంచి చట్టం ఇచ్చిన హక్కు. పూర్తిగా వాడుకో. ఉద్యోగం మానెయ్యాలా వద్దా అన్నది ఆ తర్వాత నువ్వే ఆలోచించుకో.

ముందు అల్లుడుగారితో మాట్లాడు, ఆ తర్వాత ఇద్దరూ కలిసి అత్తగారికి చెప్పండి. ఆవిడకూ మనవడో మనవరాలో క్షేమంగా రావాలనే కదా. నీకు నోరు రాకపోతే నాకు ఫోన్ చెయ్యి, వదినగారితో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ