అరబీ భాషాధ్యయన క్రమము: అక్షరాభ్యాసము నుండి ప్రౌఢపఠనము వఱకు

విశ్వవిద్యాలయములలో అరబీ భాషను మొదటినుండి బోధించుటలో నేడు రెండు మార్గములు కనబడుచున్నవి. సంభాషణము ముందు, వ్యాకరణము తరువాత అనునది మొదటిది. ప్రాచీన పాఠశాలలది రెండవది. అందు పదనిష్పత్తిని చెప్పు సర్ఫు, అన్వయమును చెప్పు నహ్వు అను శాస్త్రములు ముందుగా కంఠస్థములు కావలెను. మన విద్యార్థి లఘుకౌముది నుండి సిద్ధాంతకౌముదికి పోవునట్లు, అక్కడివాడు ఇబ్ను ఆజుర్రూము (మరణము 1323) రచించిన చిన్న పుస్తకముతో మొదలిడి, ఇబ్ను మాలికు (మరణము 1274) వేయి పద్యములలో కూర్చిన అల్ఫియ్యాను చేరును.

కంఠస్థము చేయుట కాలము చెల్లిన పద్ధతి అనువారు భాషాస్వభావమును గమనింపవలెను. అరబీ ధాతువు సాధారణముగా మూడు హల్లుల సముదాయము. సంస్కృతమున ప్రత్యయము ధాతువునకు పరమై నిలుచును. అరబీలోనో, అచ్చులు ధాతువు నడుమనే చేరి అర్థమును మార్చును. క-త-బ అను ధాతువునుండి కితాబు (గ్రంథము), కాతిబు (లేఖకుడు), మక్తూబు (వ్రాయబడినది), మక్తబు (వ్రాతచోటు) ఏర్పడినవి. ప్రామాణిక నిఘంటువులు పెక్కు ధాతుక్రమమున నున్నవి. కావున ధాతువును విడదీయలేనివానికి నిఘంటువు తెఱచియు ప్రయోజనము లేదు.

ఈ విషయమున తెలుగు విద్యార్థికి పెట్టుబడి కొంత ముందే కలదు. పారసీ, ఉర్దూల ద్వారమున వచ్చిన హాజరు, దాఖలు అను మాటలు రెండును కర్త్రర్థకమైన ఒకే అచ్చులో పోసినవి. తహసీలు అనునది హ-స-ల ధాతువుయొక్క రెండవ రూపమున భావార్థకము. ఇనాము నాల్గవ రూపమున భావార్థకము. గ్రామ మునసబు ఆ నాల్గవ రూపముననే కర్త్రర్థకము. క్రియకు వాడుకలోనున్న పది రూపములను మన దశగణములతో పోల్చరాదు. అవి ణిజంత, సన్నంతముల వంటి అర్థభేదక రూపములు. మొదటి సంవత్సరమున ఇట్టి మాటలతో పాఠము చెప్పినచో శ్రమ సగము తగ్గును. ఏ పాఠ్యప్రణాళికయు దీనిని పట్టించుకొనకపోవుట వింత.

అసలు కష్టము ప్రౌఢదశలో ఎదురగును. ముద్రితగ్రంథములలో హ్రస్వాచ్చుల గుర్తులు సామాన్యముగా నుండవు. క, త, బ అను మూడక్షరములను కతబ (వ్రాసెను) అనియు, కుతిబ (వ్రాయబడెను) అనియు, కుతుబ్ (గ్రంథములు) అనియు చదువవచ్చును. అన్వయము తెలిసినగాని ఉచ్చారణము తెలియదు. ఇతర భాషలలో చదివి అర్థము చేసికొందురు. ఇచట అర్థము చేసికొని చదువవలెను. సంహితను పదచ్ఛేదము చేయువాడు ఈ స్థితిని ఎఱుగును. విభక్తులు మూడే యైనను, వాటిని వాయిదా వేసిన విద్యార్థి మూడవ సంవత్సరమున వార్తాపత్రిక దగ్గఱనే ఆగిపోవును.

అట్లని సంభాషణపక్షము నిరాధారము కాదు. గ్రంథభాష ఏ నగరవీధిలోను ఇంటిభాష కాదు. అల్ఫియ్యా వచ్చినవాడు కైరోలో కూరగాయల బేరము చేయలేడు. 1995లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడిన అల్ కితాబు అను పాఠ్యగ్రంథము ఈ లోపమును గుర్తించి మాండలికమునకు చోటిచ్చినది. అయితే సర్ఫును మొదటి ఆఱు మాసములలో ముగించి, అటుపై మాండలికమును చేర్చుట మేలు. క్రమము తలక్రిందులైనచో రెండును నిలువవు.

ప్రసంగవశమున ఒక మాట. 8వ శతాబ్దిలో ఖలీలు తన నిఘంటువును కంఠమూలము నుండి పెదవుల వఱకు ఉచ్చారణస్థానక్రమమున కూర్చెను. మన వర్గక్రమముతో పోలిక స్పష్టమే కాని, పోలిక ఋణమునకు సాక్ష్యము కాదు.

నాల్గవ సంవత్సరమున ఏ గ్రంథము చదివింపవలెనను ప్రశ్నకు సమాధానము హైదరాబాదులోనే యున్నది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, భారతదేశమును గూర్చిన అల్ బీరూనీ గ్రంథమును 1958లో ముద్రించినది. సంస్కృతగ్రంథముల విషయమును అరబీలో వివరించిన ఆ పుటలను అరబీ విద్యార్థియు సంస్కృత విద్యార్థియు ఒకే బల్లపై పెట్టి చదువవచ్చును.