యిత్రో, నాతాను చెప్పిన సలహా

పదో తరగతి ఫలితాలు రాగానే కామారెడ్డిలోనైనా, ఎల్లారెడ్డిలోనైనా హాస్టల్ పిల్లలు సీనియర్లను అడిగే మాట ఒక్కటే: "అన్నా, ఏ గ్రూపు తీసుకోవాలె?" మన ఇళ్లలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. అందుకే సీనియర్ ఏం చెప్తే అదే వేదవాక్కు. "ఎంపీసీ తీసుకో, ఏం కాదు" అనడం తేలిక. లెక్కల్లో బొటాబొటి మార్కులతో గట్టెక్కిన తమ్ముడు ఆ మాట నమ్మి రెండేళ్లు నలిగిపోతాడు.

సలహా ఎలా చెప్పాలో బైబిల్లో రెండు చోట్ల బాగా కనిపిస్తుంది. క్రైస్తవులు కాని మిత్రులూ చదవండి.

నిర్గమకాండము 18వ అధ్యాయంలో యిత్రో తన అల్లుడు మోషే దగ్గరకు వస్తాడు. మోషే ఒక్కడే పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగవులు తీరుస్తున్నాడు. యిత్రో ముందు అంతా చూశాడు. ఎందుకిలా చేస్తున్నావని అడిగి, జవాబు విన్నాడు. ఆ తర్వాతే ఈ పద్ధతి బాగాలేదని చెప్పి, వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దలను నియమించుకొమ్మని దారి చూపాడు. అదీ దేవుడు ఒప్పుకుంటేనే అన్నాడు. పిల్లనిచ్చిన మామ అయివుండి కూడా హుకుం చేయలేదు!

రెండవది కష్టమైనది. దావీదు రాజు ఊరియాను చంపించి అతని భార్య బత్షెబను తెచ్చుకున్నాడు (2 సమూయేలు 11, 12). రాజుకు ఎదురు చెప్పేదెవరు? నాతాను ప్రవక్త వెళ్లి, పేదవాడికున్న ఒకే ఒక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెప్పాడు. రాజు మండిపడ్డాడు. అప్పుడు ఆ ధనవంతుడు ఎవరో రాజు ముఖం మీదే చెప్పాడు. ఇది ప్రసంగాల్లో విన్నదే. తరువాతి సంగతి మాత్రం తక్కువగా వింటాం. సొలొమోను పుట్టినప్పుడు, దేవుడు ఈ బిడ్డను ప్రేమించాడన్న కబురు తెచ్చింది ఆ నాతానే. దావీదు ముసలితనంలో బత్షెబకు ఆలోచన చెప్పి, సొలొమోను పక్షాన నిలబడిందీ ఆయనే. గద్దించి వెళ్లిపోలేదు. నాకైతే గద్దింపు కన్నా ఇదే పెద్ద సంగతి అనిపిస్తుంది.

కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోయే దారిలో డిచ్‌పల్లి ఉంది. అక్కడ 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు ఆసుపత్రి ప్రారంభించారు. రోగం ఇదని చెప్పి పంపేయలేదు. ఉండటానికి చోటు, మందు కూడా ఇచ్చారు.

తప్పు చెప్పవలసివస్తే ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమంటుంది మత్తయి 18:15. మెస్ లైన్లో అందరి ముందు "నీకు లెక్కలు రావురా" అనడం సలహా కాదు, ఎగతాళి.

ఇక గ్రూపు విషయం. కామారెడ్డిలోనే డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉందని లెక్కలు బాగా వచ్చే తమ్ముడికి తప్పక చెప్పండి. లెక్కలు రానివాడికి సీఈసీ మంచిదంటే నామోషీ పడతాడు, మీ మీద అలుగుతాడు కూడా. అయినా గదిలో కూర్చోబెట్టి మార్కుల మెమో చూసి చెప్పండి. అడ్మిషన్ల సమయంలో కుల, ఆదాయ సర్టిఫికెట్ల కోసం వాడితోపాటు మీసేవకు వెళ్లండి. అక్కడ లైను పెద్దగా ఉంటుంది, పొద్దున్నే బయలుదేరండి.